శాశ్వతంగా మూసివేయబడింది

అశోక్‌నగర్‌లోని తన రొట్టెల సెంటర్ శాశ్వతంగా మూతపడిందన్న సంగతి భానుకు తెలిసేసరికి పెనం మీద జొన్నరొట్టె ఉంది. తడిగుడ్డతో దాని మీది పొడిపిండి తుడుస్తూ, గడప దగ్గర నీడ పడితే తలెత్తి చూసింది.

నర్మద నవ్వుతూ నిలబడి ఉంది. గ్రూప్స్ పరీక్షలకు చదువుకుంటూ ఆ గల్లీలోనే హాస్టల్లో ఉండే పిల్ల. రోజూ మధ్యాహ్నం లైబ్రరీ నుంచి వచ్చి రెండు రొట్టెలు, ఇంత పప్పు తిని మళ్లీ లైబ్రరీకే పోతుంది. ఇవాళ వెంట ఇంకో అమ్మాయిని తెచ్చింది.

"అక్కా, ఈమె మా రూంకు కొత్తగ వచ్చింది. రొట్టెలు తినొద్దాం దా అంటె, అది బందయింది గదా అంటది. ఫోన్ల చూసిందట."

"ఏడ బందయింది?" అంది భాను, రొట్టె తిప్పుతూ.

ఆ అమ్మాయి సిగ్గుపడుతూ ఫోన్ ముందుకు చాపింది. దారి చూపించే మ్యాప్ అది. అందులో భాను షాపు ఫొటో ఉంది. పొయ్యి ముందర కూర్చొని, ఎవరో ఏదో అంటే పళ్లు కనబడేలా నవ్వుతున్న భాను. ఫొటో కింద ఎర్ర అక్షరాలు. ఆమె ఒక్కో అక్షరం కూడబలుక్కుంది. శాశ్వతంగా. మూసివేయబడింది.

నవ్వాలో ఏం చేయాలో తెలియలేదు. తను పొయ్యి ముందర ఉంది. పొయ్యిలో మంట ఉంది. చేతికి పిండి ఉంది. అయినా ఎర్ర అక్షరాలు అక్కడే ఉన్నాయి. రొట్టె మాడిన వాసన వస్తే అప్పుడు గబుక్కున తీసి పక్కన పడేసింది.

"గందుకేనా మరి," అంది, తనలో తను అనుకున్నట్టు. "గిరాకి పడిపోయిందంటే పరీక్షలు దూరం వోయినయేమో, పిల్లలు ఊర్లకు వోయిండ్రేమో అనుకుంటున్న."

నిజానికి కొన్నాళ్లుగా కొత్త ముఖం ఒక్కటీ రాలేదు. అశోక్‌నగర్‌కు బస్సు దిగిన ప్రతి పిల్లా మొదట ఫోన్ చూస్తుంది, తర్వాతే గల్లీ చూస్తుంది. పాతవాళ్లు మాత్రం వస్తూనే ఉన్నారు. వాళ్లకు మ్యాప్ అక్కర్లేదు కనుక వాళ్లెవరికీ ఈ సంగతి తెలియలేదు.

వెనక నల్లా దగ్గర డ్రమ్ములు నింపుతున్న భర్తను పిలిచింది. సంతోష్ లుంగీకి చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఫోన్ వైపు ఒకసారి చూసి, "ఫోన్లకేం తెల్సు, అవి గట్లనే సూపెడ్తయి," అని మళ్లీ నీళ్ల దగ్గరికి పోయాడు.

నర్మద అక్కడే నిలబడి మ్యాప్‌లో ఏవో నొక్కింది. "తెరిచే ఉంది" అని రాసి పంపింది. రొట్టె తినడం పూర్తికాకముందే జవాబు వచ్చింది. మీ సూచనను అంగీకరించలేకపోతున్నాము.

"మనిషి కండ్ల ముందు ఉంటె ఒప్పుకోదా?" అంది భాను.

"దానికి కండ్లు లెవ్వక్కా. ఆగు, సంయుక్త మేడంకు చెప్త. ఆమె ఊకోదు."

*

సంయుక్త నారాయణగూడలో ఒక ఆడిటర్ ఆఫీసులో పనిచేస్తుంది. నలభై అయిదు దాటిన మనిషి. కాటన్ చీర, భుజానికి బరువైన సంచి. ఏళ్ల తరబడి 'చిక్కడపల్లి ముచ్చట' అని ఒక బ్లాగు నడుపుతోంది. గ్యాస్ బుక్ చేసే యాప్ ఏ వేళకు మొరాయిస్తుంది, పార్సెల్ ఇంటికి తేకుండానే ఇచ్చేశామని మెసేజ్ పెట్టే కొరియర్ ఏది, కరెంటు బిల్లు పేరుతో వచ్చే ఏ లింకు నొక్కకూడదు, ఇవీ ఆమె రాసేవి. దోమలగూడ నుంచి నల్లకుంట దాకా చాలామంది ఫోన్‌లో ఏ తిప్పలొచ్చినా ముందు ఆమె బ్లాగు చూస్తారు. కింద కామెంట్లలో వాదించుకుంటారు, నవ్వుకుంటారు. ఎవరి కామెంటునూ తీసేయనని ఆమెకొక పట్టుదల.

మరునాడు ఆఫీసు మధ్యలో ఆటో ఎక్కి వచ్చింది. బెంచీ మీద కూర్చొని మొదట ఒక రొట్టె తింది. తింటున్నంతసేపూ భాను చేతుల్నే చూసింది. ముద్దను అరచేతిలో గుండ్రంగా తిప్పడం, చెక్కపీట మీద పిండి చల్లి కుడిచేత్తో తడుతూ ఎడమచేత్తో తిప్పడం, అంచు పగిలితే వేలితో అద్ది కలపడం. భాను మధ్యమధ్యలో ఆగి కుడి మణికట్టును ఒడిలో రుద్దుకుంటోంది.

"నొప్పా?"

"పాతదే మేడం. పోయిన నెల నారాయణగూడ దవాఖానల సూపెట్టుకున్న. చేతికి రెస్ట్ ఇయ్యమన్నరు." భాను నవ్వింది. "చేతికి రెస్టిస్తె కడుపుకెవలిస్తరు?"

ఆ సాయంత్రం బ్లాగులో సంయుక్త రాసింది: "ఈ రోజు నేను మూతపడిన హోటల్లో వేడి రొట్టె తిన్నాను. వడ్డించిన మనిషి బతికే ఉంది. ఇది కూడా ఆమె రుజువు చేసుకోవాల్సిన కాలం వచ్చింది." అక్కడి నుంచి ఒక యంత్రం ముందు సామాన్యుడు ఎంత నిస్సహాయుడో కోపంగా, బాగా రాసింది. పొయ్యి ముందరి భాను ఫొటో పెట్టింది.

తెల్లారేసరికి కామెంట్లు కుప్పలు పడ్డాయి. మధ్యాహ్నం నర్మద రొట్టె కోసం ఎదురుచూస్తూ చదివి వినిపించింది. ముందు జాలి, తర్వాత కోపం, ఆ తర్వాత పరిశోధన. ఇంతకూ దీనివల్ల ఎవరికి లాభం అని ఎవరో అడిగారు. ఎదురుగా ఇంకో రొట్టెల బండి ఉందని ఇంకెవరో చెప్పారు. నలుగురు కలిసి రిపోర్ట్ కొడితే చాలు, మ్యాప్ ఏ షాపునైనా మూసేస్తుందని మూడోవారు వివరించారు. ఆపైన అందరూ ఆ బండి గురించే.

భాను చెయ్యి ఆగింది. ఎదురు బండి బాలనాగమ్మది. గల్లీ మొగలో ప్రహరీ గోడ పక్కన, ఎండకూ వానకూ కట్టుకున్న నీలం బర్కం పట్టా కింద. భానులాగే పాలమూరు జిల్లాది, అచ్చంపేట దిక్కు మనిషి.

"ఆమెకు గివన్ని ఏం తెల్సు," అంది భాను. ఆ మాట గట్టిగా అనలేదు. షాపు ముందర ఆ రోజు చాలామంది ఉన్నారు. బ్లాగు చదివి ముషీరాబాద్ నుంచి కూడా వచ్చారు. అందరూ ఆమెను ఆప్యాయంగా చూస్తున్నారు. ఆమె తల వంచుకొని తర్వాతి ముద్ద తీసుకుంది.

*

ఆ మరునాడు మధ్యాహ్నం గల్లీ మొగలో కేకలు వినిపించాయి. భాను లేచి చూసేసరికి బాలనాగమ్మ గల్లీ దాటి ఇటే వస్తోంది. మోచేతుల దాకా పిండి. కొంగు భుజం మీదినుంచి జారి నేలకు రాసుకుంటోంది. వెనక ఒక యువకుడు ఫోన్ ఎత్తి పట్టుకొని వీడియో తీస్తూ వస్తున్నాడు.

బెంచీల మీద కూర్చున్నవాళ్లు తినడం మానేశారు. బాలనాగమ్మ సరిగ్గా పొయ్యి ముందరికొచ్చి ఆగింది.

"భానూ, నా ముఖం దిక్కు సూసి చెప్పు. నీ దుకాన్ నేను మూపిచ్చిన్నా?"

"పెద్దమ్మా, నేనెప్పుడన్న..."

"నువ్వన్నవని గాదు. నేను చెయ్యలేదని ఎవలకన్న చెప్పినవా?"

భాను చూపు పెనం మీదికి దించుకుంది.

"పొద్దుగాల్నుంచి ఒక్క రొట్టె అమ్ముడువోలె. వచ్చినోడల్లా దొంగ అంటున్నడు. గీ పోరగాడు ఎందుకు చేసినవ్ చెప్పమని నా ముఖంల ఫోన్ వెడ్తున్నడు. ఏందో సుక్కలిస్తరంట గదా ఫోన్ల. నాకు ఒక్క సుక్కేసి దొంగముండ అని రాసిండ్రంట." ఆమె రవికెలోంచి తన ఫోన్ తీసి పొయ్యి గట్టు మీద పెట్టింది. మీటలు అరిగిపోయిన చిన్న ఫోను. "గీ దాంట్ల ఏ మీట నొక్కితె నీ దుకాన్ మూతవడ్తదో సూపెట్టు. నొక్కిన్ననుకో, నా చెయ్యి ఇరగ్గొట్టు."

వీడియో తీస్తున్నవాడు చెయ్యి దించాడు. లోపల పిండి జల్లిస్తున్న సంతోష్ చేతిలోంచి జల్లెడ జారి కింద పడిన చప్పుడు అందరికీ వినిపించింది.

బాలనాగమ్మ ఏడవలేదు. ఫోన్ తీసుకొని వచ్చిన దారినే వెళ్లిపోయింది. ఆమె చెయ్యి పెట్టిన చోట గట్టు మీద అయిదు వేళ్ల పిండి మచ్చ మిగిలింది.

భాను ఆ మచ్చను చూస్తూ అట్లాగే నిలబడింది. ఊళ్లో అయితే ఒక మనిషి మీద నింద పడటానికి మూణ్ణాలుగేళ్లు పడుతుంది. చూసినవాళ్లుండాలి, చెప్పేవాళ్లుండాలి. ఇక్కడ ఒక రాత్రి సరిపోయింది. చూసినవాళ్లు ఒక్కరూ లేరు.

"మేడంను రమ్మను," అంది నర్మదతో. "ఇప్పుడే రమ్మను."

*

సంయుక్త వచ్చేసరికి మధ్యాహ్నపు తిండివేళ దాటింది, బెంచీలు ఖాళీగా ఉన్నాయి. సంతోష్ జొన్నలు పట్టించడానికి గిర్నికి పోయాడు. నర్మద ఫోన్‌లో అంతా చెప్పినట్టుంది, సంయుక్త ముఖం పాలిపోయి ఉంది.

"ఆ కామెంట్లు నేను చదివిన భానూ. ఇంత దూరం పోతదనుకోలె. జనం మాట్లాడుకుంటుండ్రు అనుకున్న." సంచిలోంచి లాప్‌టాప్ తీసి బెంచీ మీద పెట్టింది. "ఎవరు చేసిండ్రో తేలితె ఆమె మీద మాట పోతది. మ్యాప్ వాళ్లకు రాసిన, జవాబొచ్చింది, చూడు. ఈ మార్పు యజమాని ఖాతా నుంచి జరిగినది అంటుండ్రు."

"యజమాని అంటె?"

"నువ్వే. లేకుంటె నీ పేరు చెప్పి లోపటికి చొచ్చినోడు. ఈ పేజీ ఏ నంబర్ మీద పెట్టిండ్రు?"

"ఎన్నడో ఒక స్టూడెంట్ పెట్టిపోయిండు మేడం. ఈయన నంబరే ఇచ్చినం."

అప్పుడే సంతోష్ పిండిమూట భుజాన వేసుకొని వచ్చాడు. సంయుక్తను చూసి ఒక్క క్షణం గడప బయటే ఆగాడు.

"మంచిగ వచ్చినవ్ సంతోష్," అంది సంయుక్త. "నీ ఖాతాల ఎవడో దూరిండు. ఫోన్ జర ఇటియ్యి, దానికి ఒక కోడ్ వస్తది. లోపటికి పోతె ఎవడో దొరుకుతడు."

సంతోష్ మూట దించాడు. భుజం మీది పిండి దులుపుకున్నాడు. తర్వాత చేతులు, తర్వాత మోకాళ్లు. దులిపేందుకు పిండి లేని చోట కూడా దులుపుతూనే ఉన్నాడు. భాను అది చూసింది. పన్నెండేళ్ల కాపురంలో ఆ చేతుల్ని అట్లా తడబడగా ఆమె ఎప్పుడూ చూడలేదు.

"ఫోన్ల చార్జింగ్ లేదు మేడం."

"నా దగ్గర వైరున్నది, పెడ్దాం."

అతను జేబులోంచి ఫోన్ తీశాడు. సంయుక్త చెయ్యి చాపి ఉంది. ఆ చేతిలో పెట్టలేదు. రెండడుగులు వేసి భాను ముందర, పీట మీద పెట్టాడు.

"ఎవడు దూరలె. నేనే చేసిన."

బయట హారన్ కొట్టుకుంటూ ఆటో ఒకటి పోయింది. భానుకు మాట అర్థమైంది. కానీ అది లోపలికి దిగడానికి చాలాసేపు పట్టింది. సంయుక్త గబగబా లాప్‌టాప్ మూసి లేవబోయింది.

"మీరు మాట్లాడుకోండ్రి, నేను బయట..."

"కూసోండ్రి మేడం," అంది భాను, భర్త ముఖం మీదినుంచి చూపు తిప్పకుండా. "మీరు రాసిండ్రు గదా. మీరు గూడ ఇనాలె."

సంతోష్ గోడకు ఆనుకొని కింద కూర్చొని చెప్పుకొచ్చాడు. పవన్‌కుమార్ అని ఒకాయన వచ్చాడట. వంట కంపెనీ మనిషట, ఈ షాపునే వాళ్ల వంటగదిగా మారుస్తామన్నాడట. షాపుకు కస్టమర్లు ఎవరూ రారట, బెంచీలు ఉండవట. లోపల వంట మాత్రమే. రకరకాల పేర్లతో యాప్‌ల్లో పెడతారట, బండ్ల మీద పిల్లలు పట్టుకుపోతారట. రొట్టెలకు మిషన్ ఇస్తారట. పాత పేరు మ్యాప్‌లో బతికుంటే అదే అడ్రసు మీద కొత్త పేర్లు ఎక్కవని, ముందు దాన్ని మూసెయ్యమని ఆయన చెప్పాడట. ఎట్లా మూయాలో ఆయనే చూపించాడట.

"నీకు చెప్తె ఒప్పుకోవు. గిరాకి దానంతటదే తగ్గితె, నువ్వే ఇడిసిపెడ్దాం అంటవనుకున్న." అతను తలెత్తలేదు. "నీ చెయ్యి ఎట్లయిందో నాకు కానొస్తలేదా? పొద్దున లేస్తె చెంబు గూడ పట్టనీకె వస్తలేదు నీకు."

"ఏ దినం మూసినవ్?"

"నువ్వు దవాఖానకు వోయిన దినం."

భాను కళ్లు మూసుకుంది. ఆ రోజు ఆమె తిరిగొచ్చేసరికి అతను ఒక్కడే రొట్టెలు తట్టి అమ్ముతున్నాడు. వంకర టింకర రొట్టెలు. చూసి తనెంత నవ్విందో, ఎంత మురిసిందో గుర్తొచ్చింది. మ్యాప్‌లో దుకాణం మూసేసి కూడా ఆ మనిషి ఆ పూటంతా రొట్టెలు తట్టాడు.

"నన్నడిగుంటె కాదందునో, అవునందునో. చెయ్యి నాది గదా. పొయ్యి గూడ నాదే గదా." ఆమె గొంతు లేవలేదు. "నాదట్లుంచు. నిన్నటిసంది పెద్దమ్మను దొంగ అంటుంటె ఇన్నవా లేదా?"

"ఇన్న."

"ఇని పిండి జల్లిచ్చినవ్."

అతను అరచేతులు లుంగీకి తుడుచుకున్నాడు.

సంయుక్త మెల్లగా అంది. "భానూ, ఇది ఇంటి సంగతి. సాంకేతిక లోపం, సరైపోయింది అని రాస్త. ఎవరి పేరూ రాయను. మీ పరువు మీ ఇంట్లనే ఉంటది."

"మరి పెద్దమ్మది?"

సంయుక్త లాప్‌టాప్ మళ్లీ తెరిచింది.

"మా ఇంటాయనే మూసిండని రాయుండ్రి మేడం. నాకు తెల్వకుండ మూసిండని రాయుండ్రి. ఆమెను అన్నప్పుడు నేను నోరు మెదపలేదని గూడ రాయుండ్రి." సంతోష్ వైపు తిరిగి ఫోన్ అతని ముందర పెట్టింది. "ఆ పవన్‌కుమార్‌కు నువ్వే చెప్పు, నా షాపు నడుస్తున్నదని. ఏం చెప్తవో నాకక్కర్లే. ముందు దాన్ని తెరువు."

అతను తెరిచాడు. ఒక్క వేలు, రెండు నొక్కులు. ఎర్ర అక్షరాలు పోయి పచ్చ అక్షరాలు వచ్చాయి. మూయడానికి కూడా ఇంతే పట్టి ఉంటుంది అనుకుంది భాను.

*

బ్లాగులో సంయుక్త అంతా ఉన్నదున్నట్టు రాసింది. తన తప్పు తను రాసుకుంది. బాలనాగమ్మ మీద పడిన కామెంట్లన్నీ తీసేసి, మొదటిసారి కింద కామెంట్లు రాసే చోటు మూసేసింది.

దాంతో జనం మ్యాప్ మీదికి పోయారు. రెండు రోజుల్లో భాను రొట్టెల సెంటర్‌కు అయిదేసి చుక్కలు వరదలా వచ్చాయి. మొగుడి మోసాన్ని బయటపెట్టిన ధైర్యవంతురాలని, మహాతల్లి అని రాశారు. అందులో సగం మంది ఆమె రొట్టె తిననేలేదు. సంతోష్‌ను తిట్టినవాళ్లు తిట్టారు.

మ్యాప్‌లో బాలనాగమ్మ బండి మీద పడిన ఒంటి చుక్కలు మాత్రం కదల్లేదు. సంయుక్త వాటి మీద ఫిర్యాదు చేసింది, నర్మద చేసింది, హాస్టల్ పిల్లలతో చేయించింది. అందరికీ ఒకటే జవాబు. ఈ సమీక్షలు మా నియమాలకు విరుద్ధంగా లేవు. దొంగ అని రాసినవాళ్లను వెతికి తీసెయ్యమని అడిగితే, వాళ్లలో ఒకరిద్దరు తీశారు. మిగిలినవాళ్లు ఎవరో, ఎక్కడున్నారో తెలియదు. వాళ్లు ఆ సంగతి అప్పుడే మరిచిపోయి ఉంటారు.

"ఇంతేనా అక్కా?" అంది నర్మద, చేతిలో ఫోన్ పట్టుకొని. "ఆమె ఏం చేయలేదని అందరికి తెల్సు. అయినా అట్లనే ఉంటదా?"

భాను గల్లీ మొగ వైపు చూసింది.

తన గడప ముందర వరుస ఉంది. చిక్కడపల్లి నుంచి, నల్లకుంట నుంచి వచ్చినవాళ్లు, కొత్తగా దిగిన పిల్లలు, ఫోన్‌లు పట్టుకొని ఆమె రొట్టె తట్టడం వీడియో తీస్తున్నవాళ్లు. వరుస తిరిగి తిరిగి నీలం బర్కం దాకా పోయింది. వరుస చివర నిలబడ్డవాళ్లు బాలనాగమ్మ బండికి వీపు పెట్టి నిలబడ్డారు. ఆమె పొయ్యి వెలిగించి ఉంది, పెనం ఖాళీగా పొగలు కక్కుతోంది. ముందర కూర్చొని చేతులు ఒడిలో పెట్టుకొని చూస్తోంది. కోపంగా కాదు. వాన చూసినట్టు చూస్తోంది.

భాను చేతిలోని రొట్టె కాల్చి ముందున్న అబ్బాయికి పెట్టింది. పిండి డబ్బా మీద మూత పెట్టింది. లేచి గడపలోకి వచ్చింది.

"పిండి అయిపోయింది," అంది వరుసతో. "మీరంతా ఆ బండి తాన తినుండ్రి. ఆమెది మా పాలమూరు చెయ్యే. నాకంటె మెత్తగ చేస్తది."

ముందున్నవాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. డబ్బా నిండుగా ఉండటం వాళ్లకు కనబడుతూనే ఉంది. ఎవరూ ఆ మాట అనలేదు. ఒకడు గొణుక్కుంటూ వరుసలోంచి బయటికి నడిచాడు. మిగిలినవాళ్లు కదలాలా వద్దా అన్నట్టు నిలబడ్డారు. అందరికంటే ముందు నర్మద గల్లీ దాటిపోయి నీలం బర్కం కింద కూర్చుంది.

లోపల సంతోష్ నిలబడి ఉన్నాడు. మూడు రోజులుగా ఇద్దరి మధ్యా పని మాటలు తప్ప ఏమీ లేవు. భాను అతని వైపు చూడకుండానే అంది.

"ఆమె తాన పిండి ఉండదు. గిరాకి లేక తెచ్చుకోలే. ఆ మూట తీస్కపో."

అతను మూటను చూశాడు, గల్లీని చూశాడు. గల్లీ నిండా జనం. అందరికీ అతనెవరో తెలుసు. అతని ఫొటో కూడా ఎవరో పెట్టారు.

"ఇప్పుడా?" అన్నాడు.

"ఇప్పుడే."

అతను వంగి మూట భుజానికెత్తుకున్నాడు. గడప దాటాడు. వరుస రెండుగా చీలి దారిచ్చింది. ఎవరో ఫోన్ ఎత్తారు, పక్కనున్న ముసలాయన ఆ చేతిని కిందికి దించాడు. సంతోష్ తల వంచుకొని, ఆ కొంచెం దూరం చాలా దూరంలాగ నడిచాడు.

బండి ముందర ఆగి, "పెద్దమ్మా," అన్నాడు. మూట ఇంకా భుజం మీదే ఉంది.

బాలనాగమ్మ అతన్ని కింది నుంచి పైదాకా చూసింది. ఉమ్ముతుందేమో అనుకున్నారు చూస్తున్నవాళ్లు. భాను కూడా గడపలో నిలబడి అదే అనుకుంది.

బాలనాగమ్మ ఉమ్మలేదు, తీసుకుంటాననీ అనలేదు. గోడ పక్కన పొడిగా ఉన్న చోటు కళ్లతో చూపించింది. అతను మూట అక్కడ దించాడు. దించి, ఇక పొమ్మంటుందేమోనని నిలబడ్డాడు.

"నీళ్లు గూడ అయినయి," అంది ఆమె, ఖాళీ బిందె అతని కాళ్ల దగ్గరికి నెట్టి. అటుపైన నర్మద వైపు తిరిగి, చేతులు కడుక్కుంటూ, ఎన్ని రొట్టెలు కావాలని అడిగింది.